ప్రొపెల్లర్‌లో తోపు, తిప్పు: తేలిన లెక్కలు, తేలని వాదాలు

తిరుగుతున్న ప్రొపెల్లర్ బ్లేడు మీద గాలి చూపే బలం నిజానికి ఒక్కటే. లెక్క సౌకర్యం కోసం దాన్ని రెండుగా విడదీస్తారు. ఇరుసు వెంబడి ముందుకు పనిచేసే భాగం థ్రస్ట్, అంటే తోపు. బ్లేడు తిరిగే తలంలో, దాని తిరుగుడుకు ఎదురు నిలిచే భాగం వల్ల టార్క్, అంటే తిప్పు పుడుతుంది. ఇంజన్ సామర్థ్యమంతా ఈ తిప్పును గెలవడానికే ఖర్చవుతుంది. తోపు కావాలంటే తిప్పును భరించక తప్పదు. ప్రొపెల్లర్ చుట్టూ నూటయాభై ఏళ్లుగా పేరుకున్న వాదాల్లో చాలావరకు ఒకే బలాన్ని రెండు రకాలుగా లెక్కగట్టి, ఆ లెక్కలను పోటీ కారణాలుగా భావించడం వల్ల వచ్చినవే. కొన్ని మాత్రం నిజంగానే తేలలేదు. ఏవి తేలాయో ఏవి తేలలేదో విడదీయడమే ఈ సమీక్ష పని.

హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లలో ఎత్తైన కప్పు నుంచి పొడవాటి రాడ్డుకు వేలాడే సీలింగ్ ఫ్యానులో ఈ రెండు బలాలూ కనిపిస్తాయి. ఫ్యాను గాలిని కిందికి తోస్తుంది కాబట్టి గాలి ఫ్యానును పైకి తోస్తుంది. తిరుగుతున్నంతసేపూ కొక్కెం మీద భారం కాస్త తగ్గుతుంది. బ్లేడ్లను ఒకవైపు తిప్పే మోటారు మీద ఎదురువైపు మెలి పడుతుంది. రాడ్డు, కొక్కెం ఆ మెలిని కప్పుకు చేరవేస్తాయి. ఇల్లు కదలదు కనుక ఎవరూ గమనించరు. విమానానికి అలా పట్టి ఉంచే కప్పు లేదు.

హైదరాబాద్ పేరుతో ఎగిరినవి

ఈ ప్రశ్నలను పరిశీలించడానికి కావలసిన యంత్రాలన్నీ హైదరాబాద్ చరిత్రలోనూ తెలుగు నేల మీదా దొరుకుతాయి. మొదటి ప్రపంచయుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనంతో బ్రిటిష్ వైమానికదళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్-9ఏ బాంబర్లు సమకూరాయి. ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు అలా వచ్చింది. 1918లో ఫ్రాన్స్ వెళ్లిన ఆ విమానాల్లో ఒకటి జర్మన్ల చేతికి చిక్కింది. తర్వాత దశాబ్దాల పాటు పోలండ్‌లో ఉండి, 1977లో బ్రిటన్ చేరి, ఇప్పుడు రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం సేకరణలో ఉంది. ఆ బాంబర్లకు 400 హార్స్‌పవర్ లిబర్టీ ఇంజన్, చెక్క పొరలు అతికి చెక్కిన ప్రొపెల్లర్. దాని కోణం మార్చడానికి వీల్లేదు. 1923లో తొలిసారి ఎగిరిన హ్యాండ్లీ పేజ్ బాంబర్‌కు ఏకంగా ‘హైదరాబాద్’ అనే పేరు పెట్టారు. చెక్క చట్రంతో బ్రిటన్ వాడిన భారీ బాంబర్లలో అదే చివరిది.

రెండో తరం బేగంపేట విమానాశ్రయానిది. నిజాం రాష్ట్ర రైల్వే, టాటాలు కలిసి 1945లో స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానాలు నడిపింది. 1953 జాతీయీకరణలో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. డకోటా ఇంజన్ ఒక్కొక్కటి 1200 హార్స్‌పవర్‌ది. ఇంజన్ నిమిషానికి 2700 చుట్లు తిరిగితే, 16:9 గేర్ల వల్ల ప్రొపెల్లర్ సుమారు 1520 చుట్లే తిరుగుతుంది.

ఈనాటి తరంలో రెండు ముఖ్యం. దుండిగల్ వైమానికదళ అకాడమీలో 2013 నుంచి శిక్షణకు వాడుతున్న పిసి-7 మార్క్ 2 ఒంటి ఇంజన్ టర్బోప్రాప్. నాలుగు బ్లేడ్ల ప్రొపెల్లర్‌తో ఎగురుతుంది. పాతబస్తీకి దక్షిణాన శంషాబాద్‌లో దిగే ఏటీఆర్-72 కు రెండు ఇంజన్లు, ఒక్కొక్క దానికి 3.93 మీటర్ల వ్యాసం గల ఆరు బ్లేడ్ల ప్రొపెల్లర్. వీటికి తోడు విశాఖపట్నం సాగరతీరంలో 2017 డిసెంబరు నుంచి మ్యూజియంగా నిలిచిన నౌకాదళపు టీయూ-142 ను చూడాలి. దాని ఒక్కో ఇంజన్‌కు ఒకే ఇరుసు మీద ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు ఉంటాయి.

తోపు ఎలా పుడుతుంది: రెండు సంప్రదాయాలు

మొదటి సంప్రదాయం ఓడల ఇంజనీర్లది. 1865లో రాంకిన్, 1889లో ఆర్.ఇ. ఫ్రౌడ్ ప్రొపెల్లర్‌ను ఒక పల్చని వృత్తపు పలకగా ఊహించారు. ఆ పలక గుండా పోయే ద్రవం వేగం పుంజుకుంటుంది. సెకనుకు ఎంత ద్రవ్యవేగం పెరిగిందో అంత తోపు. బ్లేడ్లెన్ని, ఆకారమేమిటి అన్న ప్రశ్నే ఈ లెక్కలో రాదు. అయినా ఇది ఒక గట్టి సత్యాన్ని చెప్పింది. ఒకే తోపును కొద్ది గాలిని బాగా వేగంగా తోసీ పొందవచ్చు, ఎక్కువ గాలిని మెల్లగా తోసీ పొందవచ్చు. వెనక్కి పోయే గాలిలో మిగిలే గతిజ శక్తి వృథాయే. అది వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి రెండో దారే పొదుపు. ప్రొపెల్లర్ వ్యాసాన్ని వీలైనంత పెంచాలన్న తాపత్రయానికి మూలం ఇదే. ఏటీఆర్ ఇంజన్ టేకాఫ్‌లో ఇచ్చే సుమారు 2475 హార్స్‌పవర్‌ను ఈ సూత్రంలో పెడితే, సముద్రమట్టం దగ్గర ఆగివున్న విమానానికి ఒక్కో ప్రొపెల్లర్ నుంచి దాదాపు 46 కిలోన్యూటన్ల తోపు వస్తుంది. ఇది నష్టాలేవీ లేని ఆదర్శ సంఖ్య. నిజమైన ప్రొపెల్లర్ ఇంతకన్నా తక్కువే ఇస్తుంది.

రెండో సంప్రదాయం బ్లేడును విమానపు రెక్కలాగే చూస్తుంది. 1878లో విలియం ఫ్రౌడ్, 1892 నుంచి ద్జెవియెత్స్కీ బ్లేడును పొడవునా చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మీద లిఫ్ట్, డ్రాగ్ లెక్కగట్టి కూడారు. బ్లేడు మొదట్లో నిటారుగా, కొసన వాలుగా ఎందుకు మెలితిరిగి ఉంటుందో ఈ పద్ధతే చెప్పగలదు. సెకనుకు 140 మీటర్ల వేగంతో పోతున్న ఏటీఆర్ ప్రొపెల్లర్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతోందనుకుంటే, ఇరుసుకు 60 సెంటీమీటర్ల దూరంలో తిరుగుడు వేగం సెకనుకు 63 మీటర్లు, కొసన 206 మీటర్లు. అందుకే గాలి మొదటి చోట తిరిగే తలానికి 66 డిగ్రీల కోణంలో, కొసన 34 డిగ్రీల కోణంలో ఎదురవుతుంది. రెండు చోట్లా గాలికి సరైన కోణంలో నిలవాలంటే బ్లేడు మెలిక తిరగాల్సిందే.

1903కు ముందు రైట్ సోదరులు ఓడల పుస్తకాల్లో తమకు పనికొచ్చే సిద్ధాంతం కోసం వెతికి, దొరకక, ప్రొపెల్లర్ అంటే సుళ్లు తిరుగుతూ ముందుకు సాగే రెక్కేనని తేల్చుకున్నారు. వాళ్లు చెక్కిన 2.6 మీటర్ల ప్రొపెల్లర్ల దక్షత 75 శాతానికి పైగా ఉన్నట్టు తర్వాతి పరీక్షల్లో తేలింది. ఆ విమానంలో వారి ఇంజన్‌కన్నా ప్రొపెల్లరే గొప్ప ఆవిష్కరణ అనడం అతిశయోక్తి కాదు.

‘గాలిని వెనక్కి తోయడం వల్ల తోపు’, ‘బ్లేడు ముందు వెనకల పీడన భేదం వల్ల తోపు’ అంటూ తరగతి గదుల్లో ఇప్పటికీ నడిచే పోట్లాట ఈ రెండు సంప్రదాయాల వారసత్వమే. మొదటిది గాలి వైపు నుంచి రాసిన పద్దు, రెండోది బ్లేడు వైపు నుంచి రాసిన పద్దు. రెండూ సరిగా రాస్తే మొత్తం ఒకటే రావాలి. తొలిరోజుల్లో అలా రాలేదు. పలక సిద్ధాంతంలో బ్లేడు లేదు. ముక్కల సిద్ధాంతంలో బ్లేడును చేరకముందే గాలి వేగం పుంజుకుంటుందన్న గమనిక లేదు. ప్రాంట్ల్, బెట్జ్ 1919లో, గోల్డ్‌స్టీన్ 1929లో సుడుల సిద్ధాంతంతో ఈ ఖాళీని పూడ్చారు. గ్లావర్ట్ రెంటినీ ఒక్క పద్ధతిగా కలిపి ఇంజనీర్ల చేతికిచ్చాడు. నేటి డిజైన్ ప్రోగ్రాముల్లో చాలావాటికి అదే పునాది. కాబట్టి ఈ పోట్లాట ముగిసి తొంభై ఏళ్లు దాటిందనాలి, పాఠ్యపుస్తకాలు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

హైదరాబాద్ ఎండలో అదే లెక్క

శంషాబాద్ రన్‌వే సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరినప్పుడు అక్కడి గాలి సాంద్రత ఘనమీటరుకు దాదాపు 1.05 కిలోలు, ప్రామాణిక సముద్రమట్టపు విలువ 1.225 కన్నా సుమారు 14 శాతం తక్కువ. సాంద్రత తగ్గినంతా తోపు తగ్గుతుందని సాధారణంగా అనుకుంటారు. పలక సిద్ధాంతం ఇంకాస్త సూక్ష్మంగా చెబుతుంది. ఆగివున్న ప్రొపెల్లర్ తోపు సాంద్రత ఘనమూలంతోనూ, సామర్థ్యం వర్గపు ఘనమూలంతోనూ మారుతుంది. ఇంజన్ తన సామర్థ్యాన్ని నిలుపుకోగలిగితే తోపులో నష్టం 5 శాతమే. లిబర్టీలాంటి పాత పిస్టన్ ఇంజన్ పీల్చే గాలి పలచబడితే దాని సామర్థ్యం కూడా అదే పాళ్లలో పడిపోతుంది. అప్పుడు తోపు నష్టం పూర్తి 14 శాతం. అంటే ఎండాకాలపు దెబ్బలో పెద్ద వాటా ఇంజన్‌దే, ప్రొపెల్లర్‌ది కాదు. టర్బోప్రాప్ ఇంజన్‌ను అసలు శక్తికన్నా తక్కువ పరిమితిలో నడిపి, వేడిలో వాడుకోవడానికి కొంత దాచి ఉంచే ఆచారం ఈ లెక్క నుంచే వచ్చింది. రెక్క మీద లిఫ్ట్ తగ్గడం, రన్‌వే పొడవు ఎక్కువ కావలసిరావడం వేరే సంగతులు.

ముక్కు పక్కకు తిరగడం: నాలుగు కారణాల చిక్కు

పైలట్ వెనక నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరిగే ప్రొపెల్లరున్న విమానం టేకాఫ్‌లో ఎడమకు లాగుతుంది. పిసి-7 శిక్షణార్థి కుడి రడ్డర్ పెడల్ మీద కాలు పెట్టడం అందుకే. శిక్షణ పుస్తకాలు దీనికి నాలుగు కారణాలు చెప్పి, నాలుగింటినీ ఒక గాటన కట్టేస్తాయి: తిప్పుకు ప్రతిచర్య, సుడిగాలి తోక మీద కొట్టడం, వాలిన ఇరుసు వల్ల తోపు ఒకవైపు ఒరగడం, జైరోస్కోప్ పురస్సరణం. ఇవి నాలుగూ ఒకే జాతివి కావు, ఒకే సమయంలో పనిచేయవు కూడా. అసలు గందరగోళం ఇక్కడే ఉంది.

తిప్పుకు ప్రతిచర్య న్యూటన్ మూడో నియమం. టేకాఫ్‌లో ఏటీఆర్ ప్రొపెల్లర్ నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంటే దాని మీద తిప్పు సుమారు 14,700 న్యూటన్ మీటర్లు. అంతే మెలి ఎదురు దిశలో విమానం మీద పడుతుంది. అయితే ఈ మెలి ముక్కును పక్కకు తిప్పదు. విమానాన్ని ఎడమ రెక్క వైపు ఒరగదోస్తుంది. నేల మీద ఉన్నప్పుడు ఎడమ చక్రం మీద భారం పెరిగి, ఆ చక్రం ఘర్షణ వల్ల ముక్కు ఎడమకు పోతుంది. గాలిలోకి లేచాక ఆ దారి మూసుకుపోతుంది.

వాలిన ఇరుసు సంగతి వేరు. ముక్కు ఎత్తి ఎగిరేటప్పుడు కుడివైపు కిందికి దిగే బ్లేడు గాలిని పెద్ద కోణంలో కోస్తుంది, ఎడమవైపు పైకి లేచేది చిన్న కోణంలో కోస్తుంది. తోపు కేంద్రం కుడికి జరుగుతుంది, ముక్కు ఎడమకు పోతుంది. డకోటాలో, ఏటీఆర్‌లో రెండు ప్రొపెల్లర్లూ ఒకే దిశలో తిరుగుతాయి. అందువల్ల కుడి ఇంజన్ తోపు విమానపు మధ్యరేఖకు మరింత దూరం జరుగుతుంది, ఎడమ ఇంజన్ తోపు దగ్గరవుతుంది. ఎడమ ఇంజన్ ఆగిపోతే మిగిలిన కుడి ఇంజన్ విమానాన్ని ఎక్కువగా తిప్పేస్తుంది. ఎడమదాన్ని ‘కీలక ఇంజన్’ అనడం ఈ కారణంగానే. ఈ విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు.

పురస్సరణం సమర్థకులు మరీ తొందరపడుతుంటారు. తిరిగే చక్రపు ఇరుసును వంచితే ఫలితం తిరుగుడు దిశలో 90 డిగ్రీలు ముందు కనిపిస్తుంది. డకోటాకు తోక చక్రం ఉంది. పరుగులో తోక లేచేటప్పుడు ముక్కు కిందికి వాలుతుంది, పురస్సరణం దాన్ని ఎడమకు తిప్పుతుంది. పిసి-7కు ముక్కు చక్రం ఉంది. టేకాఫ్‌లో దాని ముక్కు పైకి లేస్తుంది. అదే నియమం ప్రకారం పురస్సరణం దాన్ని కుడికి తిప్పాలి. అదీ ముక్కు కదులుతున్న ఆ కొద్ది క్షణాలే. అన్ని విమానాలకూ ‘ఎడమకు లాగే కారణాల’ పట్టికలో దీన్ని చేర్చడం తప్పు. మొదటి ప్రపంచయుద్ధంలో సాప్‌విత్ కామెల్ వంటి విమానాల్లో ఇంజన్ మొత్తం ప్రొపెల్లర్‌తో పాటు తిరిగేది కాబట్టి ఈ ప్రభావానికి చెడ్డపేరు వచ్చింది. హైదరాబాద్ స్క్వాడ్రన్ విమానాల లిబర్టీ ఇంజన్ కదలకుండా ఉండేది. ఆ బెడద వాటికి చాలా తక్కువ.

ఇక సుడిగాలి. ప్రొపెల్లర్ వెనక గాలి మెలికలు తిరుగుతూ పోయి, నిలువు తోకను ఎడమవైపు నుంచి కొట్టి, తోకను కుడికి, ముక్కును ఎడమకు నెడుతుందని ఒక పక్షం వాదన. ఈ పక్షం దీన్నే ప్రధాన కారణమంటుంది. రెండో పక్షానికి రెండు అభ్యంతరాలున్నాయి: తోక చేరేలోపు రెక్క ఆ మెలికను చాలావరకు సరిచేస్తుంది, మిగిలేది కొద్ది డిగ్రీలే, పైగా మొండెం చుట్టూ గాలి పటంలో గీసినంత చక్కగా చుట్టుకోదు. కాబట్టి పెద్ద వాటా వాలిన ఇరుసుదే అని వీరి తీర్పు. ముక్కు చక్రపు ఒంటి ఇంజన్ విమానం పరుగు మొదలుపెట్టినప్పుడు ఇరుసు దాదాపు సమాంతరంగా ఉంటుంది, ముక్కు ఎత్తదు, అయినా ఎడమకు లాగుతుంది. ఆ దశలో వాలిన ఇరుసుకూ పురస్సరణానికీ చోటు లేదు. మిగిలేవి సుడిగాలి, చక్రం ఘర్షణ. ఒంటి ఇంజన్ విమానాల పరుగు విషయంలో మొదటి పక్షానిదే పైచేయి అనాలి. డకోటాకు మాత్రం ఇది అంతగా వర్తించదు. దాని ప్రొపెల్లర్లు రెక్కల మీద ఉన్నాయి, మధ్యనున్న తోకకు వాటి సుడిగాలి సూటిగా తగలదు. ఏ విమానం, ఏ వేగం, ఏ భంగిమ అని అడగకుండా ‘ఏ కారణం పెద్దది’ అని అడిగితే జవాబుండదు.

తిప్పును శత్రువుగానే చూడనక్కర్లేదు. నాలుగు ప్రొపెల్లర్ల డ్రోన్‌లో రెండు ఒకవైపు, రెండు ఎదురువైపు తిరుగుతాయి. ఒక జతను కాస్త వేగంగా, మరో జతను కాస్త మెల్లగా తిప్పితే మొత్తం తోపు మారకుండా ప్రతిచర్య మెలి మాత్రమే మిగిలి, డ్రోన్ తన చుట్టూ తాను తిరుగుతుంది. ఐఐటీ హైదరాబాద్‌లో 2022లో ప్రారంభమైన తిహాన్ పరీక్షా క్షేత్రం వంటి చోట్ల ఎగిరే ఈ జాతి యంత్రాలకు రడ్డర్ లేదు. ఆ పని తిప్పే చేస్తుంది.

అపకేంద్ర బలం, బ్లేడు కోణం

అపకేంద్ర బలం నిజమా కల్పితమా అన్న పాత తర్కం ఇక్కడ పెద్దగా పనికిరాదు. నేల నుంచి చూసేవారికి బ్లేడును లోపలికి లాగే అభికేంద్ర బలం కనిపిస్తుంది. బ్లేడుతో పాటు తిరిగే లెక్కలో దాన్ని బయటికి లాగే అపకేంద్ర బలం కనిపిస్తుంది. బ్లేడు మొదట్లో లోహం మీద పడే లాగుడు రెండు లెక్కల్లోనూ ఒకటే. డకోటా ప్రొపెల్లర్ వేగంతో, ఇరుసుకు మీటరు దూరంలో పది కిలోల ముద్దను తిప్పితే లాగుడు దాదాపు 25 టన్నుల బరువుకు సమానం.

ఇదే బలం ఇంకో పని చేస్తుంది: బ్లేడును తిరిగే తలం వైపు, అంటే చిన్న కోణానికి మెలితిప్పాలని చూస్తుంది. కోణం మార్చగల ప్రొపెల్లర్‌ను తయారుచేసేటప్పుడు దీనితోనే కుస్తీ పట్టాల్సి వచ్చింది. ఫ్రాంక్ కాల్డ్‌వెల్ నాయకత్వంలో హామిల్టన్ స్టాండర్డ్ సంస్థ నూనె పీడనంతో కోణం మార్చే ప్రొపెల్లర్‌ను తెచ్చి 1933 సంవత్సరానికి కోలియర్ ట్రోఫీ గెలిచింది. అంతకుముందు చెక్క ప్రొపెల్లర్ టేకాఫ్‌కు సరిపడితే వేగంలో వెనకబడేది, వేగానికి సరిపడితే టేకాఫ్‌లో ఆయాసపడేది. ఆ తర్వాతి హైడ్రోమాటిక్ రకాన్ని మోసిన డకోటా, ఇంజన్ ఆగితే బ్లేడ్లను గాలివాటుకు తిప్పి డ్రాగ్ తగ్గించుకోగలిగింది.

ఇంకా తేలనివి

బ్లేడు మొదటి భాగం మొదటి చిక్కు. ప్రయోగశాలలో కదలని రెక్క నమూనా మీద కొలిచిన లిఫ్ట్ కన్నా తిరిగే బ్లేడు ఇరుసు దగ్గర ఎక్కువ లిఫ్ట్ ఇస్తుందని, స్టాల్‌ను, అంటే లిఫ్ట్ కూలిపోవడాన్ని, వాయిదా వేస్తుందని 1945లో గోట్టింగెన్‌లో హిమ్మెల్‌స్కాంప్ చూపాడు. తిరుగుడు వల్ల బ్లేడు ఉపరితలం మీది గాలిపొర బయటికి జారడమే మూలమని ఎక్కువమంది ఒప్పుకుంటారు. దాన్ని సూత్రంగా రాయడానికి వచ్చిన నమూనాలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగవు. ఆదర్శ ప్రొపెల్లర్‌లో సుడుల పంపిణీ ఎలా ఉండాలన్న దాని మీద బెట్జ్ మార్గం, జుకోవ్‌స్కీ మార్గం వేర్వేరు జవాబులిస్తాయి. గాలిమరల చర్చలో ఆ పాత తగువు ఈ శతాబ్దంలో మళ్లీ తలెత్తింది.

రెండోది సుడిని ఏం చేయాలన్నది. వెనక మెలికలు తిరిగే గాలిలోని శక్తి వృథా. టీయూ-142 లో వెనక ప్రొపెల్లర్ ఎదురు తిరిగి ఆ మెలికను విప్పుతుంది, రెండు తిప్పులూ దాదాపు రద్దవుతాయి. 5.6 మీటర్ల వ్యాసం గల ఆ ప్రొపెల్లర్లు నిమిషానికి సుమారు 750 చుట్లే తిరుగుతాయి; అయినా విమాన వేగంతో కలిపితే బ్లేడు కొసల వేగం ఎత్తున ధ్వనివేగం అంచుకు చేరుతుంది. ముందు బ్లేడ్లు వదిలిన సుడులను వెనక బ్లేడ్లు కోస్తుండటం దీనికి తోడు. ఆ విమానం చప్పుడుకు అంత పేరు రావడానికి ఈ రెండూ కారణం. 1986లో బోయింగ్-727 మీద పరీక్షించిన జీఈ సంస్థ బహిరంగ రోటర్ ఇంజన్‌దీ ఎదురుతిరుగుడే. ఇంధనం ఆదా అయింది, శబ్దం సమస్యగా నిలిచింది. 2021లో సీఎఫ్ఎం ప్రకటించిన రైజ్ పథకం మరో దారి పట్టింది. ముందు ఒకే రోటర్ తిరుగుతుంది, వెనక తిరగని బ్లేడ్లు నిలిచి గాలి మెలికను సరిచేస్తాయి. తిప్పు రద్దులో కొంత వదులుకుని శబ్దం తగ్గించుకోవాలన్న బేరం ఇది. ఏటీఆర్ తయారీదారులు ఇంకా సాదా దారిలో వెళ్లారు: బ్లేడ్ల సంఖ్య ఆరుకు పెంచి, టేకాఫ్‌లో కొస వేగాన్ని సెకనుకు 247 మీటర్ల దగ్గర ఆపారు. డకోటాలో అది 278 మీటర్లు. బ్లేడ్లు పెరిగితే ఒక్కో దాని మీద భారం తగ్గి చప్పుడు తగ్గుతుంది, కానీ హబ్ బరువు పెరుగుతుంది, ఒకదాని గాలి ఇంకొకదానికి అడ్డొస్తుంది. ఎన్ని బ్లేడ్ల దగ్గర ఆగాలన్నది విమానం వేగాన్ని బట్టి, రన్‌వే పక్కన నివసించేవాళ్లు ఓర్చుకునే చప్పుడును బట్టి ప్రతి డిజైన్‌లోనూ కొత్తగా తేల్చుకోవలసి వస్తోంది.